శుద్ధి చేసిన రేవు పూడికను నేల మీద పరిచే ముందు: అనుమతులిచ్చే వారికి బహిరంగ లేఖ

ఓడరేవుల నిర్వాహకులకు, పూడికమట్టి వాడకానికి అనుమతులిచ్చే పర్యావరణ, ఆరోగ్య సంస్థల అధికారులకు,

నమస్కారం.

రేవుల్లోంచి తవ్వి తీసిన పూడికను శుద్ధి చేసి రోడ్ల కింద, గట్లలో, ఇటుకల్లో, పార్కుల్లో వాడతామనే ప్రతిపాదనలు మీ దగ్గరికి వస్తూనే ఉన్నాయి. ఇకముందు ఇంకా ఎక్కువగా వస్తాయి. ఓడలు పెద్దవవుతున్నాయి, వాటి కోసం రేవుల లోతు పెంచక తప్పదు, తీసిన మట్టిని ఎక్కడో ఒకచోట పెట్టకా తప్పదు. నేను ప్రజారోగ్య రంగంలో పనిచేస్తాను. ఇలాంటి ప్రతిపాదనలకు జతచేసే ఆరోగ్య ముప్పు అంచనా నివేదికలు చదవడం నా పనిలో భాగం. వాటిలో పదేపదే కనబడే ఒక లోటు గురించి మీతో నేరుగా మాట్లాడాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ లోటు ఇది. శుద్ధి పూర్తయిన రోజున ప్లాంటు గేటు దగ్గర ఆ మట్టి ఎలా ఉందో నివేదిక చక్కగా చెబుతుంది. ఆ మట్టి వానకు తడిసి, ఎండకు ఎండి, పగిలి, దుమ్మయి, ఇరవై ముప్పై ఏళ్లు మనుషుల మధ్య ఉన్నప్పుడు ఎవరి ఒంట్లోకి ఏ దారిన ఎంత చేరుతుందో మాత్రం చెప్పదు. మీరు అనుమతి ఇస్తున్నది ఆ ముప్పై ఏళ్లకు. చేతిలో ఉన్న సమాచారం ఒక్క రోజుది.

పూడిక వాడకాన్ని ఆపమని నేను అడగడం లేదు. ప్రపంచం ఏటా దాదాపు 5,000 కోట్ల టన్నుల ఇసుక, కంకర వాడుతోందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2022లో చెప్పింది. నదుల్నీ తీరాల్నీ తవ్వేసుకుంటూ, ఇంకోపక్క రేవుల్లో తీసిన మట్టిని సముద్రంలోకి తీసుకెళ్లి పారబోయడం ఎలా చూసినా తెలివైన పని కాదు. సముద్రంలో వ్యర్థాలు పారబోయడం మీద 1972లో వచ్చిన లండన్ ఒప్పందం, దాన్ని గట్టిపరిచిన 1996 ప్రోటోకాల్ పూడికమట్టిని పూర్తిగా నిషేధించలేదు. కానీ పారబోసే ముందు వేరే ఉపయోగం ఉందేమో చూడాలని చెప్పాయి. కాబట్టి నేల మీద వాడటమనేది సరైన దిశే. ఆ దిశలో నడిచేటప్పుడు ఆరోగ్యం లెక్క సరిగ్గా కట్టాలన్నదే నా విన్నపం.

రేవు మట్టి మామూలు మట్టి కాదని మీకు తెలుసు. ఊరి మురుగు, పరిశ్రమల నీళ్లు, ఓడల నుంచి కారిన నూనె, ఓడలను నీటి బయట పెట్టి బాగుచేసే డ్రైడాకుల్లో గీకిన పెయింటు, దశాబ్దాల పాటు దిగుమతి చేసుకున్న ఖనిజాల దుమ్ము అన్నీ ఆ అడుగునే చేరతాయి. సీసం, కాడ్మియం, పాదరసం, ఆర్సెనిక్, రాగి, జింక్, పీఏహెచ్‌లు (నూనెల్లో, మసిలో ఉండే సేంద్రియ విషాలు), పీసీబీలు (పాత విద్యుత్ పరికరాల నూనెల్లో వాడిన విషాలు) ఎంతో కొంత ఉంటాయి. ఓడల అడుగున నాచు పట్టకుండా పూసే రంగుల్లో వాడిన ట్రైబ్యుటైల్ టిన్ మీద అంతర్జాతీయ నిషేధం 2008 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. నిషేధం రాగానే ఆ రసాయనం బురదలోంచి మాయమైపోదు. గాలి ఆడని అడుగు పొరల్లో అది ఏళ్ల తరబడి నిలుస్తుంది. నేలకు సంబంధించిన చాలా ప్రమాణాల జాబితాల్లో దాని పేరే ఉండదు, ఎందుకంటే ఆ జాబితాలు రాసినవాళ్ల దృష్టిలో ఉన్నది పొలం మట్టి, ఫ్యాక్టరీ ఆవరణల మట్టి. జాబితాలో లేనిదాన్ని ల్యాబు వెతకదు, వెతకనిది నివేదికలో కనబడదు. అగ్నిమాపక నురుగుల్లోంచి వచ్చిన పీఎఫ్ఏఎస్ రసాయనాలదీ ఇదే పరిస్థితి. రేవు పూడికకు నేల ప్రమాణాలను యథాతథంగా తెచ్చి అతికించకండి. ఆ రేవులో గతంలో ఏం జరిగిందో చూసి పరీక్షల జాబితా తయారు చేయించండి.

రేవు మట్టి నుంచి జనానికి హాని జరగగలదా అన్న సందేహం ఎవరికైనా ఉంటే మినమాటా ఉంది. జపాన్‌లోని ఆ అఖాతంలోకి ఒక ఫ్యాక్టరీ వదిలిన పాదరసం అడుగుమట్టిలో పేరుకుంది, చేపల ద్వారా మనుషుల్లోకీ చేరింది. 1977 నుంచి 1990 దాకా, 25 పీపీఎం (కిలోకు 25 మిల్లీగ్రాములు) కంటే ఎక్కువ పాదరసం ఉన్న అడుగుమట్టిని తవ్వి, ఇనుప షీట్ పైల్ గోడల వెనక పూడ్చి, పైన శుభ్రమైన మట్టి కప్పారు. అలా ఏర్పడిన 58 హెక్టార్ల నేల మీద ఇవాళ పార్కు ఉంది. ఆ పని చేసినవాళ్ల మీద నాకు గౌరవం ఉంది. అక్కడ పాదరసాన్ని మట్టిలోంచి తీసెయ్యలేదు, మనుషులకు అందకుండా మూసిపెట్టారు. కిందేముందో అందరికీ తెలుసు. ఇనుము ఉప్పునీళ్లలో ఎన్నాళ్లు నిలుస్తుందన్న ప్రశ్నను కూడా దాచకుండా చర్చిస్తున్నారు. మీ దగ్గరికి వచ్చే ప్రతిపాదనల్లో ఈ స్పష్టత తరచుగా లోపిస్తుంది. "శుద్ధి చేశాం, ప్రమాణాల లోపల ఉంది" అన్న రెండు ముక్కలతో సరిపెడతారు.

శుద్ధి దగ్గర కొంచెం ఆగి మాట్లాడాలి, ఎందుకంటే ముప్పు అంచనాలో ఎక్కువ పొరపాట్లు ఇక్కడే మొదలవుతాయి.

శుద్ధి పద్ధతులన్నీ ఒకే పని చెయ్యవు. జర్మనీలోని హాంబర్గ్ రేవులో 1993 నుంచి నడుస్తున్న మెథా ప్లాంటు ప్రధానంగా ఇసుకను, సన్నటి ఒండ్రును వేరు చేసి నీళ్లు పిండుతుంది. విషాలు ఎక్కువగా సన్నటి రేణువులకూ, సేంద్రియ పదార్థానికీ అంటిపెట్టుకొని ఉంటాయి కాబట్టి ఇసుక దాదాపు శుభ్రంగా బయటికొస్తుంది. కానీ మిగిలిన సన్నటి భాగంలో అవి ముందుకంటే చిక్కబడతాయి. అందుకే ఇసుకకు ఒక అంచనా, ఒండ్రుకు ఇంకో అంచనా ఉండాలి. రెండింటినీ కలిపి "శుద్ధి చేసిన పూడిక" అని ఒకే పట్టికలో చూపిస్తే ఆ నివేదికను వెనక్కి పంపండి.

సూక్ష్మజీవులతో శుద్ధి చేస్తే నూనెల్లోని తేలికపాటి భాగం, చిన్న పీఏహెచ్‌లు బాగా తగ్గుతాయి. క్యాన్సర్ కారకంగా తేలిన బెంజోపైరీన్ లాంటి పెద్ద అణువులు మొండికేస్తాయి. మొత్తం పీఏహెచ్‌లు ఎనభై శాతం తగ్గాయని రాసినప్పుడు, మిగిలిన ఇరవై శాతంలో ఏవున్నాయో అడగాలి. మొత్తం తగ్గినంత మాత్రాన ముప్పు కూడా అంతే తగ్గినట్టు కాదు. లోహాలనైతే ఏ సూక్ష్మజీవీ నాశనం చెయ్యలేదు.

సున్నం, సిమెంటు కలిపి గట్టిపరిచే పద్ధతిలో చిక్కు వేరు. కొత్తగా కలిపినప్పుడు పీహెచ్ 12 దాటుతుంది. అంత క్షారంలో సీసం కొంత కరిగి బయటికి రాగలదు. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఆ క్షారాన్ని తగ్గిస్తుంది. అప్పుడు సీసం కుదురుకుంటుంది గానీ, అంతవరకు బిగుసుకొని ఉన్న ఆర్సెనిక్, యాంటిమొనీ వదులవుతాయి. మొదటి రోజు చేసిన ఒక్క పరీక్ష ఈ రెండిట్లో దేని గురించీ నిజం చెప్పలేదు. పైగా సముద్రపు బురదలో సల్ఫేట్లు ఎక్కువ. అవి సున్నంతో, బంకమన్నుతో కలిసి ఎట్రింగైట్ అనే ఖనిజంగా మారి ఉబ్బుతాయి, గట్టిపరిచిన పొర పగులుతుంది. పగుళ్లు పడితే నీటికి కొత్త దారులు ఏర్పడతాయి.

కాల్చే పద్ధతుల మీద నమ్మకం ఎక్కువ. మంటలో పడ్డాక ఇంకేం మిగులుతుందన్నది మామూలుగా అందరూ అనుకునే మాట. నోవోసోల్ లాంటి పద్ధతిలో ముందు ఫాస్ఫారిక్ ఆమ్లం కలిపి లోహాలను కరగని ఫాస్ఫేట్లుగా మారుస్తారు, తర్వాత 650 డిగ్రీల సెల్సియస్‌కు తక్కువ కాకుండా కాల్చి సేంద్రియ విషాలను నాశనం చేస్తారు. మంచి రసాయనశాస్త్రమే. అయినా నాలుగు ప్రశ్నలు అడగాలి. పాదరసం ఆ వేడికి ఆవిరై పొగగొట్టంలోకి వెళ్తుంది, అక్కడ దాన్ని పట్టుకుంటున్నారా? మట్టిలో ఉప్పు, రాగి రెండూ ఉన్నాయి, పొగ చల్లబడుతూ 200 నుంచి 450 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే డయాక్సిన్లు అనే తీవ్రమైన విషాలు కొత్తగా పుడతాయి, అవి కొలిచారా? బురదలో పెద్దగా హాని చెయ్యని మూడు వేలెన్సీ క్రోమియం, సున్నం సమక్షంలో గాలి తగులుతూ కాలినప్పుడు ఆరు వేలెన్సీ క్రోమియంగా మారగలదు. అది క్యాన్సర్ కారకం, నీళ్లలో సులువుగా కరుగుతుంది. మొత్తం క్రోమియం ఎంతో చెప్పే పట్టికలో ఈ మార్పు కనబడదు, దాన్ని విడిగా కొలిచారా? ఇక నాలుగోది, కాల్చాక మట్టి మెత్తటి పొడవుతుంది, ఆ పొడిని లోడు చేసే మనిషి ఏం పీలుస్తున్నాడు?

వీటిల్లో ఏ పద్ధతీ వాడకుండా కేవలం ఒడ్డున పరిచి ఆరబెట్టి ఇచ్చే పూడిక కూడా ఉంటుంది. నీటి అడుగున గాలి ఆడనంతకాలం లోహాలు సల్ఫైడ్లుగా ముడిపడి కదలకుండా ఉంటాయి. ఒడ్డున గాలి తగిలితే సల్ఫైడ్లు ఆక్సీకరణ చెంది సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. దాన్ని తట్టుకునేంత సున్నపు పదార్థం మట్టిలో లేకపోతే పీహెచ్ పడిపోయి కాడ్మియం, జింక్ కదలడం మొదలవుతుంది. తడి బురద మీద చేసిన పరీక్షలో అంతా బాగుందని వచ్చి, అదే మట్టి ఒక ఎండాకాలం దాటాక ఇంకోలా తేలడానికి కారణం ఇదే.

ఇప్పుడు లీచింగ్ పరీక్షల సంగతి, అంటే మట్టిలోంచి నీటిలోకి ఏం ఊరి వస్తుందో చూసే పరీక్షలు. నివేదికల్లో ఎక్కువగా కనిపించేది, మట్టిని పదిరెట్ల నీటిలో వేసి 24 గంటలు కుదిపి ఆ నీటిని పరీక్షించే పద్ధతి. ఒక బ్యాచ్‌ను ఇంకో బ్యాచ్‌తో పోల్చడానికి అది పనికొస్తుంది. నేల మీద ఏం జరుగుతుందో చెప్పడానికి చాలదు. వేర్వేరు పీహెచ్‌ల దగ్గర పరీక్షించినవీ, కాలమ్‌లో నీరు మెల్లగా దిగేలా చేసినవీ, గాలికి వదిలేసి పాతబడ్డ నమూనాల మీద చేసినవీ కావాలి. అన్నిటికంటే ముఖ్యంగా, లీచింగ్ పరీక్ష భూగర్భజలం గురించి మాత్రమే చెబుతుంది. నోటి ద్వారా, ముక్కు ద్వారా వెళ్లే మట్టి గురించి ఒక్క ముక్కా చెప్పదు. లీచింగ్‌లో పాసైన మట్టి పిల్లల ఆటస్థలానికి పనికొస్తుందని రాసిన నివేదికలో ఆ రెండు వాక్యాలకూ మధ్య సంబంధమే లేదు.

పిల్లల విషయం ఒక లెక్కతో చూపిస్తాను. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ తన ముప్పు అంచనాల్లో చాలాకాలంగా వాడిన అంకె ప్రకారం, ఆరేళ్ల లోపు పిల్లలు ఆటలో, చేతులు నోట్లో పెట్టుకోవడంలో రోజుకు 200 మిల్లీగ్రాముల మట్టి, దుమ్ము మింగుతారని అనుకోవాలి. పిల్లవాడి బరువు 15 కిలోలు. శుద్ధి చేసిన పూడికలో కిలోకు 30 మిల్లీగ్రాముల ఆర్సెనిక్ మిగిలిందనుకుందాం. 200 మిల్లీగ్రాముల మట్టిలో 6 మైక్రోగ్రాములు. మట్టిలోని ఆర్సెనిక్ అంతా ఒంటికి పట్టదు, విడిగా పరీక్ష చెయ్యనప్పుడు 60 శాతం పడుతుందని లెక్క వేస్తారు. అంటే 3.6 మైక్రోగ్రాములు. 15తో భాగిస్తే, కిలో బరువుకు రోజుకు 0.24 మైక్రోగ్రాములు. ఈపీఏ దశాబ్దాలపాటు వాడిన హద్దు 0.3. మన అంకె అందులో 0.8 వంతు, ఒకటి దాటలేదు. పాస్.

2025 జనవరిలో అదే సంస్థ కొత్త పరిశోధనలన్నీ చూసి ఆ హద్దును 0.06కు తగ్గించింది. మట్టి అదే, పిల్లవాడూ అదే, మింగిన దుమ్మూ అంతే. ఇప్పుడు 0.24 అంటే హద్దుకు నాలుగు రెట్లు.

మామూలు నేలల్లో కూడా సహజంగా కొంత ఆర్సెనిక్ ఉంటుంది. ఈ కొత్త హద్దు ప్రకారం కిలోకు 10 మిల్లీగ్రాములున్న సహజమైన మట్టి కూడా ఒకటి దాటుతుంది. కాబట్టి ఒక్క అంకె చూసి భయపడిపోవాలని నేననడం లేదు. చుట్టుపక్కల నేలలో సహజంగా ఎంతుందో పక్కన పెట్టి చూడాలి. కానీ పైన వేసిన లెక్కలో రెండు విషయాలు దాగి ఉన్నాయి. మొదటిది, ఆ 60 శాతం అన్న చోట నిజమైన కొలత పెడితే ఫలితం పైకి గానీ కిందికి గానీ బాగా కదులుతుంది. కడుపులోని ఆమ్లాన్ని అనుకరించే ల్యాబు పరీక్షలతో ఎంత భాగం విడుదలవుతుందో కొలవొచ్చు. రేవు పూడిక వాడకం సమర్థించేవాళ్లే ఈ పరీక్ష కోసం ముందు పట్టుబట్టాలి, ఎందుకంటే ఫాస్ఫేటుతో బంధించిన సీసం లాంటివి మొత్తం అంకె చెప్పేదానికంటే తక్కువ ప్రమాదకరమని రుజువయ్యేది అక్కడే. రెండోది, ఇవాళ పాసైనది రేపు ఫెయిలవొచ్చు. దీని గురించి కిందికొచ్చాక మళ్లీ చెబుతాను.

సీసం విషయంలో హద్దు అనేదే లేకుండా పోయింది. ఆహారం ద్వారా వారానికి ఇంతవరకు పర్లేదంటూ ఉన్న అంకెను ఎఫ్ఏఓ, డబ్ల్యూహెచ్ఓల ఉమ్మడి నిపుణుల సంఘం 2010లో వెనక్కి తీసుకుంది. పిల్లల మెదడుకు హాని లేని స్థాయి ఇదీ అని చూపించలేకపోయారు. అందువల్ల సీసం ఉన్న పూడికను పిల్లలు తిరిగే చోట వాడే ప్రతిపాదనలో "హద్దు లోపల" అన్న సమాధానం చెల్లదు. వాళ్ల రక్తంలో సీసం ఎంత పెరుగుతుందన్న అంచనా చూపించాలి.

దుమ్ము సైజు కూడా గమనించండి. మట్టి పరీక్షలు సాధారణంగా 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టిన నమూనాల మీద చేస్తారు. చేతికి అంటుకునేది అంతకంటే ఎంతో సన్నటి దుమ్ము. 2016లో ఈపీఏ సీసం పరీక్షకు 150 మైక్రాన్ల (0.15 మిల్లీమీటర్ల) కంటే సన్నటి భాగాన్ని చూడమని సిఫారసు చేసింది. లోహాలు ఎక్కువగా ఉండేది ఆ భాగంలోనే. ముతక నమూనాలో వచ్చిన అంకెతో పిల్లవాడు మింగే దుమ్ము లెక్క కడితే తక్కువ చూపిస్తుంది.

నమూనాలు తీసే తీరు మీద ఎవరికీ ఆసక్తి ఉండదు, అందరూ ల్యాబు ఫలితాల దగ్గరికి పరుగెడతారు. కానీ రేవు అడుగు ఒకేలా ఉండదు. డ్రైడాకు పక్కన రాగి, టిన్, పెయింటు పెచ్చులు. ఆయిల్ జెట్టీ పక్కన పీఏహెచ్‌లు. నడి కాలువలో దాదాపు శుభ్రమైన ఇసుక. పది చోట్ల తీసిన మట్టిని కలిపి ఒక నమూనా చేశారనుకోండి. తొమ్మిది చోట్ల కిలోకు 50 మిల్లీగ్రాముల సీసం, ఒకచోట 1,000. కలిపితే వచ్చేది 145. ఆ 145 ఎక్కడా లేని మట్టికి చెందిన అంకె. నేల మీద పరిచేటప్పుడు ఆ వెయ్యి ఉన్న లోడు ఎవరి పెరట్లోనో పడుతుంది. డ్రెడ్జరు ఏ రోజు ఎక్కడ తవ్వింది, ఏ లోడు ఎక్కడికి వెళ్లింది అన్న వివరం లేకుండా సగటు చూపిస్తే ఒప్పుకోవద్దు. ప్రమాణం దాటిన మట్టిలో శుభ్రమైన మట్టి కలిపి అంకె దించడం కూడా శుద్ధి కిందికి రాదు. ఈ మాట అనుమతి పత్రంలోనే రాయండి.

ఏ పనికి వాడుతున్నారన్న దాన్నిబట్టి ముప్పు పూర్తిగా మారిపోతుంది. తారు కింద బేస్‌లో వేసిన మట్టి మనిషికి దాదాపు అందదు. అక్కడ భూగర్భజలం లోతు, నేల రకం చూసుకుంటే చాలావరకు సరిపోతుంది. అయితే పదేళ్ల తర్వాత పైపు వెయ్యడానికి ఆ రోడ్డు తవ్వే కూలీ సంగతి లెక్కలో ఉండాలి. ఇటుకలు, బ్లాకులు గోడలో ఉన్నంతకాలం పర్వాలేదు. గోడ కూల్చాక అవి ముక్కలై పొడి అవుతాయి, ఆ పొడిని మళ్లీ ఎక్కడో నింపడానికి వాడతారు. అందుకని గట్టి దిమ్మ మీద చేసిన పరీక్షతో పాటు పొడి చేసిన దాని మీద కూడా చేయించండి. పార్కులు, ఆటస్థలాలు, ఇళ్ల ఆవరణలు చివరి వరసలో ఉండాలి. వాటికి అడిగే రుజువు అన్నిటికంటే గట్టిగా ఉండాలి.

పంట పొలాల గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పట్టణ రేవుల సన్నటి పూడికను, ఉప్పు పూర్తిగా పోయిందనీ కాడ్మియం తక్కువనీ తేలేదాకా, ఆహార పంటల నేలలోకి రానివ్వకండి. సముద్రపు మట్టిలోని క్లోరైడు కాడ్మియంతో కలిసి నీటిలో తేలిగ్గా కదిలే రూపాలుగా మారుతుంది, మొక్క దాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. జింక్, రాగి ఎక్కువైతే మొక్కే వాడిపోయి మనల్ని ముందుగా హెచ్చరిస్తుంది. కాడ్మియం అలా కాదు. పంట పచ్చగా, ఏపుగానే ఉంటుంది, కాడ్మియం మాత్రం మనిషి మూత్రపిండాల్లో ఏళ్ల తరబడి పేరుకుంటూ పోతుంది.

ఈ పనిలో మొదట ఎక్కువ మోతాదు అందుకునేవాళ్లు ప్లాంటులో, లారీల దగ్గర, పరిచే చోట పనిచేసే మనుషులు. చాలా నివేదికల్లో వాళ్లకు ఒక పేరా కూడా దక్కదు, "రక్షణ పరికరాలు వాడతారు" అని ఒక వాక్యం ఉంటుంది. సన్నటి క్వార్ట్జ్ దుమ్ము దానికదే ఊపిరితిత్తుల క్యాన్సర్ కారకం. దానికి లోహాలు తోడైతే చెప్పేదేముంది. గాలిలో దుమ్ము కొలిచి చూపించమనండి, మాస్కు ఇచ్చామన్న మాటతో వదిలెయ్యకండి.

1983లో అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ ముప్పు అంచనాను నాలుగు మెట్లుగా విడగొట్టింది: ఏ పదార్థం హాని చేస్తుంది, ఎంత మోతాదుకు ఎంత హాని, మనిషికి ఎంత అందుతుంది, వీటిని కలిపితే తేలే ముప్పు ఎంత. చాలా దేశాలు ఏదో రూపంలో దీన్నే అనుసరిస్తున్నాయి. పూడిక నివేదికల్లో మొదటి రెండు మెట్లూ పుస్తకాల్లోంచి వస్తాయి, బాగానే ఉంటాయి. మూడోదానికి అక్కడికి వెళ్లి చూడాలి, మనుషులతో మాట్లాడాలి, వచ్చే పాతికేళ్లలో ఆ స్థలాన్ని ఎవరు ఎలా వాడతారో ఆలోచించాలి. అందుకే అది పలచగా ఉంటుంది. మీరు ఏ నివేదికనైనా చేతిలోకి తీసుకున్నప్పుడు ముందు ఆ భాగం ఎన్ని పేజీలుందో చూడండి.

భూమి వాడకం మారుతుంది, ఇది అందరికీ తెలిసిందే. నెదర్లాండ్స్‌లో రాటర్‌డ్యామ్ దగ్గర వ్లార్డింగెన్ పట్టణానికి చెందిన బ్రూక్‌పోల్డర్ అనే పల్లపు ప్రాంతాన్ని 1950ల చివరి నుంచి 1970ల దాకా రేవు బురదతో ఎత్తు చేశారు. తర్వాత అక్కడ ఇళ్లు కట్టాలన్నది ఆలోచన. ఆ బురదలో కాలుష్యం ఉందని బయటపడ్డాక ఇళ్ల ఆలోచన మానుకొని చెట్లకు, విహారానికి వదిలేశారు. ఆ మట్టి ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు కాబట్టి నిర్ణయం మార్చుకోగలిగారు. కాగితం లేని చోట ఇది సాధ్యం కాదు. ఇవాళ పార్కింగ్ స్థలం కింద వేసిన మట్టి మీద ఇరవై ఏళ్లకు బడి కడతామంటే, కట్టేవాళ్లకు కిందేముందో చెప్పేదెవరు?

పైన ఆర్సెనిక్ లెక్క దగ్గర చెబుతానన్నది ఇదే. హద్దులు మారతాయి, భూమి వాడకం మారుతుంది, మట్టి గుణం కూడా మారుతుంది. ఒకసారి ఇచ్చి బీరువాలో పెట్టేసే సర్టిఫికెట్ వీటిలో దేన్నీ పట్టుకోలేదు. శుద్ధి చేసిన పూడిక వేసిన ప్రతి స్థలాన్నీ ఒక రిజిస్టరులో ఎక్కించండి. ఏ రేవు, ఏ బ్యాచ్, ఏ పద్ధతి, ఎంత మందం, పూర్తి ల్యాబు ఫలితాలు అందులో ఉండాలి. అది భూమి రికార్డుకు జత అయి, అమ్మినా కొన్నా వెంట రావాలి. ఆరోగ్య ప్రమాణం మారినప్పుడల్లా ఆ రిజిస్టరు తెరిచి, పాత అంకెలతో కొత్త లెక్క కట్టి, హద్దు దాటిన స్థలాల జాబితా తీయాలి. అంకెలు భద్రంగా ఉంటే ఇది కంప్యూటరుకు చిన్న పని.

డబ్బు సంగతి కూడా అప్పుడే తేల్చండి. మళ్లీ తవ్వి తీయాల్సివస్తే ఖర్చు రేవుదా, శుద్ధి చేసిన సంస్థదా, భూమి యజమానిదా? అనుమతి ఇచ్చే రోజున అడిగితే దీనికి జవాబు దొరుకుతుంది. ఇరవై ఏళ్ల తర్వాత అడిగితే కోర్టులు తిరగాలి. మొదట్లోనే కొంత మొత్తం డిపాజిట్‌గా తీసుకొని, నిర్ణీత కాలాల్లో ఊట నీటినీ పైదుమ్మునూ పరీక్షించడానికి అందులోంచి ఖర్చు పెట్టేలా షరతు రాయండి.

చివరగా, ఆ చుట్టుపక్కల ఉండేవాళ్లకు సంబంధించింది. వాళ్ల సందేహాలను అపోహలని కొట్టిపారెయ్యకండి. ఆ మట్టి మీద నడిచేది, ఆ దుమ్ము పీల్చేది వాళ్లే. నిర్ణయం తీసుకోకముందే నమూనాలు ఎక్కడ తీశారో చూపే మ్యాపు, సగటు కాకుండా విడివిడి ఫలితాలు, పిల్లలకు అందే మోతాదు లెక్క వాళ్ల భాషలో బయట పెట్టండి. చదివి ప్రశ్నలు అడగడానికి కనీసం రెండు నెలల సమయమివ్వండి. వచ్చిన ప్రతి ప్రశ్నకూ రాతపూర్వకంగా జవాబిచ్చి, ఆ జవాబులను అనుమతి ఫైలుకు జతచేయండి. మీ ముందుకు వచ్చే తర్వాతి దరఖాస్తుతోనే ఇది మొదలుపెట్టమని కోరుతున్నాను.

ఇట్లు,
ప్రజారోగ్య రంగంలో పనిచేసే ఒక పౌరుడు